రాని రైలుకి ఎత్తిన కట్టెలు

"సోమవారం రంగు వేయడం ఎన్నింటికి మొదలెట్టారు?"

"ఒంటిగంటకి."

"అయిందెప్పుడు?"

"ట్యాంకు నిచ్చెన నాలుగింటికల్లా అయిపోయింది. బ్రష్షు కడిగి, డబ్బాకి మూతేసి నాలుగున్నర బస్సెక్కాను."

"ఈ గువవిరా ఊళ్లో బస్సు టైముకొచ్చిన రోజు నేనైతే చూళ్లేదు."

"ఆ రోజు వచ్చింది," అన్నాడు లియోకాదియో బొగాదో. నవ్వలేదు. కొమ్ము గిన్నెలో తెరెరే ఆకు మీద చల్లటి నీళ్లు పోసి ఆమె చేతికిచ్చాడు. గోళ్ల చుట్టూ వెండి రంగు ఇంకా వదల్లేదు.

నిల్డా ఒవెలార్ గొట్టంతో రెండు గుక్కలు పీల్చి గిన్నె తిరిగి ఇచ్చింది. గురువారం ఉదయం పదిన్నర. ఇద్దరూ ప్లాట్‌ఫారం మీది చెక్కబల్లపై కూర్చున్నారు. ఎదురుగా పట్టాలున్నాయి గానీ వాటి మధ్య మోకాలెత్తు గడ్డి. ఆఖరి రైలు వెళ్లి అయిదేళ్లయింది. ముప్ఫై ఒక్క ఏళ్లు ఇక్కడే రైలుకి పట్టా మార్చే పాయింట్స్‌మన్‌గా చేసిన లియోకాదియో, రైళ్లు ఆగాక అదే స్టేషన్‌కి కాపలాదారుగా మిగిలాడు.

మంగళవారం పొద్దున ఆరున్నరకి శవాన్ని మొదట చూసింది ఆయనే. చనిపోయింది ఎవారిస్తో కబానియాస్, గువవిరాకి ఆఖరి స్టేషన్ మాస్టరు, డెబ్భై నాలుగేళ్లవాడు. నీళ్ల ట్యాంకు కింద మెడ విరిగి పడి ఉన్నాడు. సోమవారం సాయంత్రం అయిదుకీ ఏడుకీ మధ్య ప్రాణం పోయిందన్నాడు డాక్టరు. ఫోటో తీద్దామని ట్యాంకెక్కి జారిపడ్డాడు, ఆయన గడ్డి టోపీ పైనే దొరికింది, ఇదీ పోలీసులు రాసిన రిపోర్టు. బుధవారం పాతిపెట్టేశారు.

శనివారం ఈ స్టేషన్‌ని మ్యూజియంగా తెరుస్తున్నారు. దాని కోసమే ఎవారిస్తో స్టేషన్ చరిత్ర రాశాడు. మొత్తం పది అధ్యాయాలు. తొమ్మిదింటిని కూతురు బ్లాసిదా టైపు చేసింది. పదోది మాత్రం ఆయన ఎవరికీ ఇవ్వలేదు. శనివారం అందరి ముందూ నేనే చదువుతానన్నాడు. శవం దగ్గరా, ఇంట్లోనూ ఎంత వెతికినా ఆ కాగితాలు కనబడలేదు. బళ్లో టీచరుగా పనిచేసే బ్లాసిదా శ్మశానం నుంచి నేరుగా ప్రైవేటు డిటెక్టివ్ నిల్డా గది మెట్లెక్కింది.

"ట్యాంకు చూసొస్తాను," అంటూ నిల్డా లేచింది.

"పోలీసులు చూశారుగా అమ్మా."

"వాళ్లు టోపీని చూశారు. నేను నిచ్చెన చూస్తాను."

ట్యాంకు ఎత్తు రెండు మేడలుంటుంది. నిచ్చెనకి పద్దెనిమిది ఇనుప మెట్లు. అన్నీ ఒక్క తీరుగా మెరుస్తున్నాయి. మరీ ఒక్క తీరుగా. నిల్డా జేబులోంచి చిన్న అద్దం తీసి నాలుగో మెట్టు కిందికి పట్టింది. పైభాగం నున్నగా ఉంది. కింది భాగంలో, మెట్టుని గుప్పిట పట్టుకున్నప్పుడు వేళ్లు చుట్టుకునే చోట, తడిగా ఉన్నప్పుడే రంగు నాలుగు చారలుగా లేచిపోయింది. లోపలి తుప్పు కనిపిస్తోంది. అయిదో మెట్టు కిందా అంతే. ఏడు, ఎనిమిది, పదకొండు. పైకంటా ఎక్కి పదిహేడో మెట్టు దాకా చూసింది. దిగొచ్చాక బల్ల దగ్గరికి వెళ్లి నిలబడింది.

"దీనికి మళ్లీ పూత వేయించింది ఎవరు?"

లియోకాదియో గిన్నెలో మళ్లీ నీళ్లు పోసుకున్నాడు.

"పైన వేశారు. కింద వేయలేదు. రంగు ఆరకముందే ఎవరో చేతులతో పట్టుకుని పైదాకా ఎక్కారు. మీరు వెళ్లిన తర్వాత. మర్నాటికల్లా ఆరిపోయే రంగే కదా ఇది?"

"రాత్రంతా ఆరాలి," అన్నాడు మెల్లిగా.

"శవం చేతులకి రంగుందా?"

"లేదు," అన్నాడు. "నేనే వెల్లకిలా తిప్పాను. చేతులు శుభ్రంగా ఉన్నాయి. చెప్పులక్కూడా ఏం లేదు. నిచ్చెన మీద మాత్రం మరకలు. కమిషనర్ గారొచ్చి, శనివారం పండగ పెట్టుకుని ఇదేం అసహ్యం, ఇంకో పూత వెయ్యి అన్నారు. వేశాను. చెప్పింది చెయ్యడమే కదమ్మా నా బతుకంతా."

చివరి మాట ఆయన ఆమెకి చెప్పినట్టు లేదు.

స్టేషన్ మాస్టరు గదిని మ్యూజియం కోసం సర్దేశారు. బల్ల మీద సిగ్నల్ లాంతరు, టికెట్లకి చిల్లు కొట్టే కత్తెర, పక్కన పాత రిజిస్టర్లు. బ్లాసిదా టైపు చేసిన తొమ్మిది అధ్యాయాలనీ నిల్డా నిన్న సాయంత్రమే చదివేసింది. 1911లో స్టేషన్ కట్టినప్పుడు గోడకి పూసిన సున్నంలో పంచదార కలిపారని రాశాడాయన. ముప్ఫైల నాటి చాకో యుద్ధానికి వెళ్లే సైనికులు కిటికీల్లోంచి చేతులు చాపి, చీపా రొట్టెలమ్మే ఆడవాళ్ల దగ్గర రొట్టె తీసుకుంటూ వాళ్ల చెయ్యి కూడా కాసేపు పట్టుకునేవారని రాశాడు. ఏ ఏడు ఏ ఇంజను వచ్చిందో, ఏ డ్రైవరు ఏ మలుపులో ఎందుకు కూత వేసేవాడో, అన్నీ ఉన్నాయి. తొమ్మిదో అధ్యాయం 1974 ఆగస్టు చివరి దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత స్టేషన్ ఇంకా ఇరవై ఏళ్లు నడిచింది. మిగిలిందంతా ఒక్క అధ్యాయంలో పెట్టాడంటే, ఆ ఇరవై ఏళ్లూ ఆయనకి ఏదో ఒకే రోజుగా కనిపించి ఉండాలి.

నిల్డా రైళ్ల రిజిస్టరు తీసి 1974 సెప్టెంబరు తిప్పింది. ఒకటి నుంచి పదమూడు దాకా రోజుకి ఆరు రైళ్లు. పద్నాలుగున ఒకే వాక్యం: వరదకి లైను తెగింది, రైళ్లు లేవు. కింద ఎవారిస్తో సంతకం.

ఆ రిజిస్టర్ల అడుగున అట్ట చిరిగిన చిన్న పుస్తకం ఒకటి ఉంది. ఈ లైను మీద ఇంజన్లు చివరిదాకా కట్టెలతోనే నడిచాయి. ఏ ఇంజనుకి ఎన్ని కట్టెలెత్తారో రాసిన పుస్తకమది. వంకర అక్షరాలు, లియోకాదియోవి. పద్నాలుగో తేదీ పేజీలో ఇలా ఉంది: ఒక ఇంజను. నాలుగు మీటర్ల కట్టె. సాయంత్రం 5.10.

రెండు పుస్తకాలూ పట్టుకుని ఆమె బయటికొచ్చింది.

"రాని రైలుకి కట్టెలెత్తారా?"

ఆయన ఆ పేజీకేసి చూడనైనా చూడలేదు. ఏ పేజీయో ఆయనకి తెలుసు.

"రాయకపోతే మర్నాడు కుప్పలో తక్కువొచ్చిందని నన్నంటారు. అందుకని రాశాను. మాస్టరుగారు రిజిస్టర్లో రైలు లేదని రాశారని నాకు తెలీదు. ఇన్నేళ్లూ ఎవరూ ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూళ్లేదు. మొన్న నెల్లో ఆయనే చూశారు. చూసి ఇక్కడే, ఇందాక మీరు కూర్చున్న చోటే కూర్చుని ఏడ్చారు."

"ఆ రైల్లో ఏముంది?"

"ఒకే పెట్టె. సామాన్ల పెట్టె, తలుపులు మూసి. లోపల ఏడుగురు. చెరకు మిల్లులో సమ్మె చేసినోళ్లని తర్వాత తెలిసింది. అప్పటికి మంచినీళ్లడిగే గొంతులే తెలుసు. నలుగురు సైనికులు దిగి మాస్టరుగారి చేతికి కాగితం ఇచ్చారు. ఆయన నాతో, క్వారీ లైనుకి పాయింటు మార్చమన్నారు. మార్చాను. పెట్టెని క్వారీలోకి తోశారు. పొద్దున్నే ఖాళీగా వెనక్కొచ్చింది. కడగమన్నారు."

"కడిగారా?"

"కడిగాను."

దూరంగా ఏదో కారు మట్టిరోడ్డు మీద వస్తున్న చప్పుడైంది. లియోకాదియో తలెత్తి విన్నాడు.

"ఆ నలుగురు సైనికుల్లో ముగ్గురు పోయారమ్మా. ఒకడు మిగిలాడు. అప్పటికి వాడికి ఇరవై ఏళ్లు కూడా లేవు."

"ఎవరు?"

కారు స్టేషన్ ముందే ఆగింది. ఆయన లేచి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇంక పేరు చెప్పక్కర్లేకపోయింది.

కమిషనర్ గౌదెన్సియో రోలోన్ ప్లాట్‌ఫారం ఎక్కాడు. నలభై నాలుగేళ్లు, ఇస్త్రీ యూనిఫాం, తాపీగా వేసే అడుగులు. వచ్చే నెల డిపార్ట్‌మెంట్లో పై కుర్చీ అతనిదేనని పేపర్లన్నీ రాస్తున్నాయి. ఎనిమిదేళ్ల క్రితం నిల్డా, అతనూ ఒకే పోలీసు ఆఫీసులో పక్కపక్క బల్లల దగ్గర కూర్చునేవారు. లాకప్పులో చచ్చిపోయిన ఒక రైతు తనంతట తనే ఉరేసుకున్నాడని రాసిన కాగితం ఇద్దరి ముందుకీ వచ్చింది. అతను సంతకం పెట్టాడు. ఆమె పెట్టలేదు. ఆ నెలాఖరుకి ఆమె ఉద్యోగం పోయింది.

"ఏంటి నిల్డా, పెళ్లాల మీద అనుమానమున్న మొగుళ్లు కరువయ్యారా? చచ్చిన ముసలాళ్ల వెనక పడ్డావు?"

"వాళ్ల కేసుల్లో కూడా నీ రిపోర్టులో ఉన్నన్ని అబద్ధాలుండవు గౌదెన్సియో."

"కమిషనర్ అను. నలుగురున్న చోటు."

"ఫోటో తీయడానికి ట్యాంకెక్కాడని రాశావు. కెమెరా ఏది?"

"ఎవడో ఎత్తుకుపోయి ఉంటాడు. ఇదేమన్నా బ్యాంకా, చుట్టూ గోడలుండటానికి?"

"కెమెరా ఎత్తుకుపోయినవాడు చేతి గడియారం వదిలేశాడా? శవం చేతికి గడియారముందని నీ రిపోర్టే చెప్తోంది."

అతను సిగరెట్ వెలిగించుకున్నాడు. తొందరపడలేదు.

"ఇంకా?"

"నాలుగింటికి రంగు వేసిన నిచ్చెన. అయిదు తర్వాత ఎక్కిన మనిషి. చేతులకి ఒక్క మరక లేదు."

"శవాన్ని కడిగిన ఆడవాళ్లనడుగు. కిరసనాయిలుతో ఏ రంగైనా పోతుంది."

"వాళ్లు కడక్కముందే లేదు. టోపీని పైకి తీసుకెళ్లింది వేరే చేతులు."

రోలోన్ చూపు నిల్డాని దాటి లియోకాదియో మీద పడింది. ముసలాయన నేలకేసి చూస్తున్నాడు. చేతిలోని టోపీ అంచు నలిగిపోతోంది.

"ఇతనన్నాడా? పాపం, వయసైపోయింది. మంగళవారం తాగున్నాడు కూడా. కాపలా ఉద్యోగానికి పడుచువాణ్ణెవరినైనా చూడాలని ఊరి పెద్దలు అనుకుంటున్నారు." పొగ వదిలి మళ్లీ నిల్డా వైపు తిరిగాడు. "చూడు, పాత స్నేహం కొద్దీ చెప్తున్నా. అది ప్రమాదం. ఫైలు మూసేశాను. శనివారం పండగ. బ్యాండుంది, పిల్లల పాటలున్నాయి. మతి చెడిన ముసలాడు రాసుకున్న ఇరవై రెండు కాగితాల కోసం ఎవడో హత్య చేశాడని ఊరంతా చెప్పుకుంటూ తిరిగావనుకో, నీ లైసెన్సు కూడా ఈ స్టేషన్ లాగే మూతపడుతుంది."

"సరే," అంది నిల్డా.

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని అతను అనుకోలేదు. కాసేపు ఆమె మొహం చూసి, సిగరెట్‌ని పట్టాల మీదికి విసిరి వెళ్లిపోయాడు.

ఇరవై రెండు కాగితాలు. బ్లాసిదాకి ఆ లెక్క తెలియదు, టైపుకి ఇవ్వలేదు గనక. లియోకాదియో ఆ కాగితాలు కంటితో చూడలేదు. పదో అధ్యాయం ఎన్ని కాగితాలో చెప్పాలంటే దాన్ని చేత్తో పట్టుకుని ఉండాలి. లేదా పట్టుకున్న వాళ్లు చెప్పి ఉండాలి. రచయిత ఎవరికీ ఇవ్వలేదు సరే. కానీ ఆయన బల్ల తుడిచే మనిషి ఒకరుంటారు కదా.

కట్టెల పుస్తకాన్ని సంచిలో వేసుకుని నిల్డా కబానియాస్ వాళ్లింటికి నడిచింది. పదకొండూ నలభై అయింది.

ఎవారిస్తో భార్య సింఫోరియానా వంటింట్లో మొక్కజొన్న పిండి కలుపుతోంది. నల్ల బట్టలు, మీద పాత ఏప్రను. కూతురు బడి నుంచి వచ్చే వేళ, ముగ్గురికి కంచాలు పెట్టింది. మూడోది ఎవరికో ఆమెకే గుర్తొచ్చినట్టుంది, నిల్డా కూర్చోగానే తీసి పక్కన పెట్టేసింది.

"సోమవారం సాయంత్రం మీ ఆయన ఇంట్లోంచి ఎన్నింటికి వెళ్లారు పెద్దమ్మా?"

"అయిదున్నరకి. పోలీసులకి చెప్పాగా."

"ఒక్కరేనా?"

"ఒక్కరే."

"పదో అధ్యాయం ఇరవై రెండు కాగితాలని కమిషనర్‌కి ఎవరు చెప్పారు?"

పిండిలో కదులుతున్న చేతులు ఆగిపోయాయి.

"మీరు చదివారు," అంది నిల్డా. "చదివి, లెక్కపెట్టి, అతనికి చెప్పారు."

సింఫోరియానా చేతులు కడుక్కుంది. గుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకుంది. వచ్చి ఎదురుగా కూర్చుంది.

"గౌదెన్సియోకి నేను జ్ఞానతల్లిని, బాప్తిస్మం రోజు వాణ్ణి ఎత్తుకున్నదాన్ని. తెలుసా నీకు? వాళ్లమ్మ పోయినప్పుడు వాడికి ఆరేళ్లు. ఈ బల్ల దగ్గరే అన్నం పెట్టి పెంచాను. సైన్యంలోకి పోయేటప్పుడు మెళ్లో సిలువ వేసింది నేను. ఈయనేమో ఆ కాగితాల్లో, క్వారీకి వెళ్లిన నలుగురి పేర్లూ రాశాడు. మొదట తన పేరు రాసుకున్నాడు, పాయింటు మార్పించింది నేనే అని. ఆ నెలలోనే మాకీ ఇల్లు రాసిచ్చారు, ఎందుకిచ్చారో అదీ రాశాడు. శనివారం మైకులో చదువుతాడట. చదివాక నా కూతురు ఏ మొహం పెట్టుకుని బడికి వెళ్లాలి? ఆ ఏడుగురి తల్లులు ఇంకా ఇద్దరు బతికున్నారు ఇక్కడ. చర్చిలో నా వెనక బల్ల మీదే కూర్చుంటారు."

"అందుకని అతన్ని పిలిచారు."

"మాట్లాడమన్నాను. అంతే. నా మాట వినట్లేదు, నువ్వొచ్చి చెప్పి చూడు నాయనా అన్నాను. అయిదింటికొచ్చాడు. ఇద్దరూ కాఫీ తాగారు. స్టేషన్ దాకా నడుద్దాం మాస్టారూ అని తీసుకెళ్లాడు. ఈయన కాగితాలు చంకలో పెట్టుకునే వెళ్లాడు, నా దగ్గర వదిలితే తగలబెడతానని భయం." ఆమె తలుపు వైపు చూసింది. "ఏడింటికి వాడొక్కడే వచ్చాడు. అరచేతులు, చొక్కా చేతులు వెండి రంగు. కొత్తగా రంగేసిన బల్ల మీద ఆనుకున్నానమ్మా అన్నాడు. మాస్టారు ఈ రాత్రికి స్టేషన్లోనే పడుకుంటానన్నారన్నాడు. నేనే కిరసనాయిలు తెచ్చి వాడి చేతులు తుడిచాను. ఈ చేతులతోనే. వాడు కాగితాలు తీసి పొయ్యిలో పెట్టాడు. ఈయన ఒప్పుకున్నాడన్నమాట అనుకున్నాను. సంతోషించాను కూడా. విన్నావా? సంతోషించాను."

"పొద్దున తెలిసింది మీకు."

"పొద్దున తెలిసింది. బుధవారం శవపేటిక ముందు కొమ్ము వాడే మోశాడు. నేను ఆపలేదు."

నిల్డా ఇదంతా రాసుకున్న నోటుబుక్కుని బల్ల మీద ఆమె ముందుకి జరిపింది. "సంతకం పెడతారా?"

"పెట్టను. పెడితే ఆయన దాచిందీ బయటికొస్తుంది. ఆయనెలాగూ పోయాడు, ఆ పరువైనా మిగలనీ."

నిల్డా గోడ గడియారం చూసింది. పన్నెండూ అయిదు.

"బ్లాసిదా బడి ఎన్నింటికి వదుల్తారు?"

"పదకొండున్నరకి. పదినిమిషాల నడక." ఆ మాట అంటుంటేనే ఆమె మొహం మారింది. "ఇవాళ పొద్దున ఎనిమిదింటికి వాడొచ్చాడు. బ్లాసిదా ఆ పదో అధ్యాయం చదివిందా అనడిగాడు. చదివింది, అక్షరం అక్షరం గుర్తుంది దానికి అన్నాను. అబద్ధమే. ఒకళ్లకి తెలుసంటే భయపడి ఇంక మా జోలికి రాడనుకున్నాను."

నిల్డా మాట్లాడకుండా టెలిఫోన్ తెచ్చి ఆమె ముందు పెట్టింది.

సింఫోరియానా కమిషనర్ ఆఫీసు అంకెలు తిప్పింది. రెండు మోతలకే ఎత్తారు. వంటిల్లు నిశ్శబ్దంగా ఉంది, అవతలి గొంతు నిల్డాకి స్పష్టంగానే వినిపించింది.

"అమ్మా, నేనే ఫోన్ చేద్దామనుకుంటున్నా. బ్లాసిదా నా ఆఫీసులో ఉంది. చిన్న వాంగ్మూలం, భయపడకు. ఏమీ తినట్లేదు, మొండిది. నువ్వొచ్చి తినిపిస్తే బావుంటుంది. జీపు పంపాను, ఈపాటికి వచ్చేస్తుంటుంది. ఒక్కదానివే రా అమ్మా."

"దాని గొంతు వినిపించు."

"వచ్చాక చూద్దువుగా."

లైను తెగింది.

ముసలామె రిసీవర్ పెట్టేసి కాసేపు దాని మీదే చెయ్యి ఉంచింది. తర్వాత నోటుబుక్కు లాక్కుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఒకచోట ఆగి, 'సంతోషించాను' అన్న మాట రాయలేదేమని అడిగింది. నిల్డా రాసింది. అప్పుడు ప్రతి పేజీ కిందా సంతకం పెట్టింది.

"జడ్జి దగ్గరికి ఎంతసేపు పడుతుంది?"

"అసున్సియోన్ గంట దూరం. నాకు తెలిసిన జడ్జి ఉన్నాడు, పోలీసుల మాట వినడు. ఈ కట్టెల పుస్తకం కూడా ఆయన చేతిలోనే పెడతాను. అక్కడినుంచే కమిషనర్‌కి ఫోన్ చేయిస్తాను. కాగితం జడ్జి దగ్గరుందని తెలిస్తే మిమ్మల్ని తాకడు. కానీ ఈ గంటా..."

బయట జీపు హారన్ మోగింది. ఒకసారి, వెంటనే ఇంకోసారి.

"నువ్వు పెరటి గుమ్మంలోంచి వెళ్లు," అంది సింఫోరియానా. ఏప్రను విప్పి కుర్చీకి తగిలించింది. అద్దం ముందు నిలబడి జుట్టు సరిచేసుకుంది. కలిపిన పిండి మీద పళ్లెం బోర్లించింది.

"ఆ గంటా అతనితో ఏం చెప్తారు?"

"ఇరవై అయిదేళ్లు నోరు మూసుకు కూర్చున్నాను. ఒక్క గంట మాట్లాడలేనా?"

ఆమె వెళ్లి వీధి తలుపు తీసింది.